పొయ్యెక్కని పచ్చడి

డిసెంబరు 1

ఒరే హడావిడీ,

ముందు ఈ ఉత్తరం చివరిదాకా చదువు. సగంలో లేచి చెప్పులేసుకుని బస్సెక్కేయకు. నాకేం కాలేదు. ఎడమ చెయ్యి మణికట్టు దగ్గర విరిగింది, అంతే. కట్టు కట్టారు. రాసే చెయ్యి బాగానే ఉంది, చూస్తున్నావుగా, అక్షరాలు ఎప్పటిలాగే వంకర.

ఎలా జరిగిందంటే, రోడ్డు దాటుతున్నాను. వెనకనుంచి సైకిలాయన గంట కొట్టాడట. కొట్టాడట అని ఎందుకంటున్నానంటే నాకు వినపడలేదు. చుట్టుపక్కల ఉన్నవాళ్ళంతా మాత్రం బాగా వినపడిందని సాక్ష్యం చెప్పారు. పాపం, ఆయనే నాకంటే ఎక్కువ ఏడ్చాడు. టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో సర్వీసంతా చెవికి యంత్రం తగిలించుకుని ఊరందరి మాటలూ కలిపినదాన్ని, వీపు వెనక మోగే గంట వినక రోడ్డుమీద బోర్లా పడ్డాను. ఎక్స్ఛేంజి వాళ్ళు చూసి ఉంటే ఇచ్చిన పెన్షన్ వెనక్కి అడిగేవాళ్ళు.

అసలు సంగతేంటంటే, ఈసారి నెలాఖరు సెలవుల భోజనానికి నేను రాను. ఏటా నేనొచ్చి చేసే పండ్ల పచ్చడికి రెండు చేతులూ కావాలి. ఒకటి పట్టుకోవాలి, ఒకటి కోయాలి. పొయ్యి వెలిగించక్కర్లేదు కదా, అదేం పని అనుకుంటారు గానీ, మంట చేయాల్సిన పనంతా అందులో కత్తే చేయాలి. ఒంటిచేత్తో నారింజ తొక్క గీరబోతే నా మోకాలు గీరుకుపోతుంది. అంచేత ఈ ఏడాదికి బజారులో దొరికే జామ్ సీసా ఒకటి తెచ్చి బల్లమీద పెట్టుకోండి. ఎవరికీ తేడా తెలియదు. మరదలిని అడిగానని చెప్పు.

ఒంటిచేతి అక్క

*

డిసెంబరు 5

అక్కా,

నీ ఉత్తరం చివరిదాకానే చదివాను. చెప్పులు మాత్రం సగంలోనే వేసుకున్నాను. మా ఆవిడ విప్పించింది.

రాకపోవడమేంటి? మేమింతమందిమి ఉండగా నీకు పనేంటి? ఈసారి పచ్చడి నేను చేస్తాను. నవ్వకు. నాకు వంట రాదు, నిజమే. నేను కాఫీ పెడతానంటే మా ఇంట్లో కిటికీలు తెరుస్తారు. కానీ ఇది వంట కాదుగా! పొయ్యే లేదు. పొయ్యి లేనప్పుడు మాడదు, పొంగదు, అడుగంటదు. నాలాంటివాడి కోసమే ఎవరో పుణ్యాత్ములు కనిపెట్టినట్టున్నారు. కుడి ఏదో ఎడమ ఏదో తెలియనివాళ్ళకి కూడా కారు నేర్పి లైసెన్సు ఇప్పించినవాణ్ణి, నాలుగు పండ్లు కోయలేనా?

ఎలా చేయాలో వివరంగా రాసి పంపు. ఫోను చేద్దామంటే నా గొంతు నీకు డబ్బాలో గులకరాళ్ళలా వినపడుతుందని క్రితంసారి అన్నావు. ఎక్స్ఛేంజిలో పనిచేసిన మనిషివి, నీ ఫిర్యాదు కాదనలేను. ఉత్తరమే రాయి. ఇక్కడికొచ్చాక నువ్వు వేలు కదపక్కర్లేదు. మహారాణిలా కూర్చుని తిను. ఇరవై తొమ్మిదో తారీకు బస్సుకి టికెట్టు కూడా కొనేశాను, కిటికీ పక్క సీటు.

పండ్లు ఇవాళే తెచ్చేశాను. బాగా పుల్లగా ఉండే ఆపిల్ పండ్లు కావాలని అడిగితే కొట్టామె నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "ఇంట్లో ఎవరితోనైనా గొడవా?" అంది.

నీ కొత్త వంటమనిషి,
తమ్ముడు

*

డిసెంబరు 9

కాబోయే వంటమనిషికి,

పండ్లు ఇవాళే తెచ్చానని రాశావు. భోజనం నెలాఖరున. అప్పటిదాకా వాటినేం చేస్తావురా, పెంచుకుంటావా? ఈ పచ్చడి ముందురోజు చేస్తే చాలు. పొయ్యి చూడని పదార్థం ఎక్కువ రోజులు ఆగదు. నీకు ఆగడం రాదు, దానికీ రాదు. మీ ఇద్దరికీ బాగానే కుదురుతుంది.

ఇక రాసుకో. పుల్ల ఆపిల్ తొక్కతోనే సన్నగా తరగాలి, శనగగింజంత ముక్కలు. నారింజకి పైనున్న రంగు తొక్క మాత్రం గీరాలి. కింద తెల్లటి పొర తగిలిందా, చేదు. లోపలి తొనలు గింజలు తీసి తరగాలి. దానిమ్మ గింజలు చివర్లో. కొంచెం అల్లం తురుము, చిటికెడు ఉప్పు, పంచదార. అన్నీ కలిపి మూతపెట్టి ఒక రాత్రి ఫ్రిజ్‌లో ఊరనివ్వాలి. మిక్సీ జోలికి మాత్రం వెళ్ళకు. మిక్సీలో వేస్తే అది పచ్చడి కాదు, చిన్నపిల్లల జ్వరం మందు.

పంచదార ఎంతంటే, గుప్పెడు అని రాయబోయి ఆగాను. స్టీరింగు పట్టీ పట్టీ నీ గుప్పిట చేటంత అయింది. రుచి చూస్తూ వెయ్యి.

టికెట్టు సంగతి తర్వాత చూద్దాం. మహారాణి ఉద్యోగం నేనెప్పుడూ చేయలేదు. చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంటే ఎటు చూడాలో కూడా నాకు తెలియదు. నువ్వంత ఖర్చు పెట్టకుండా ఉండాల్సింది.

అక్క

*

డిసెంబరు 13

అక్కా,

టికెట్టు ఖర్చు గురించి బాధపడకు, అదెంతని! నువ్వు మొహమాటపడుతున్నావని నాకు అర్థమైంది. ఇంతటితో ఆ విషయం ఆపేద్దాం.

ఒక చిన్న పొరపాటు జరిగింది. నీ ఉత్తరం రాకముందే నేనొక రిహార్సల్ వేశాను. పరీక్షకి ముందు ట్రయల్ ఉండాలని రోజూ పదిమందికి చెప్పేవాణ్ణి, నాకు నేను చెప్పుకోకపోతే ఎలా? మిక్సీలోనే వేశాను. నారింజని నారింజలాగే, అంటే తెల్ల పొరతో, గింజలతో సహా. అది ఏ రంగులో వచ్చిందో రాయను, నువ్వు తినేముందు చదువుతున్నావేమో. మా ఆవిడ దాన్ని చూసి మిక్సీ కడిగి అటక మీద పెట్టేసింది.

నీ ఉత్తరం వచ్చాక రెండో రిహార్సల్. అన్నీ నువ్వు చెప్పినట్టే, చేత్తోనే. శనగగింజంత ముక్కలన్నావు. నావి మొదట్లో శనగగింజలు, మధ్యలో గోళీకాయలు, చివరికొచ్చేసరికి ఆపిల్ ముక్కలే. చూడ్డానికి మాత్రం నీ గిన్నెలాగే ఎర్రగా, మెరుస్తూ ఉంది. మా అమ్మాయి ఒక చెంచా నోట్లో పెట్టుకుని ఒక కన్ను మూసేసింది. రెండోది నన్ను చూడ్డానికి ఉంచుకున్నట్టుంది. పులుపు, అక్కా! ఘోరమైన పులుపు. నా పన్ను ఒకటి ఇంకా జివ్వుమంటోంది.

పులుపు తగ్గాలంటే ఏం చేయాలి? వెంటనే రాయి. గిన్నె ఫ్రిజ్‌లో అలాగే ఉంచాను. అక్క జవాబు వచ్చేదాకా ఎవరూ ముట్టుకోకూడదని కాగితం కూడా అంటించాను. ముట్టుకుందామని ఎవరూ ప్రయత్నించలేదనుకో.

పళ్ళు పులిసిన తమ్ముడు

*

డిసెంబరు 16

ఒరే పిచ్చి హడావిడీ,

నవ్వీ నవ్వీ కట్టులో చెయ్యి కదిలింది. డాక్టరుకి ఏం చెప్పాలో ఆలోచిస్తున్నాను.

పులుపుకి భయపడకు. ఒక చిన్న గిన్నెడు పంచదార కలుపు, ఇంకో చిటికెడు ఉప్పు వెయ్యి. ఉప్పెందుకని అడగకు, వెయ్యి. పంచదార కరిగాక బాగా కలిపి మూతపెట్టు.

ఇక్కడ నా విశేషాలంటావా, మా కింద సైకిళ్ళ కొట్టు ఉంది కదా. కొట్టాయన రోజంతా గంటలు బిగించి ట్రింగు ట్రింగుమనిపించి చూస్తుంటాడట. పక్కింటావిడ తలనొప్పిగా ఉందని వచ్చి నాతో మొరపెట్టుకుంది. నాకైతే ఎంత ప్రశాంతంగా ఉందో! చెవులు పోవడంలో ఉన్న సుఖాలు కూడా రాయాలి కదా, ఎప్పుడూ ఏడుపేనా.

నీ ఉత్తరం రెండుసార్లు చదివాను. ఏం చేయాలో వెంటనే రాయి అన్న చోట మూడోసారి చదివాను. చాలా రోజులైంది నన్నెవరైనా ఏదైనా అడిగి. ఇంకేమన్నా సందేహాలుంటే దాచుకోకుండా రాయి. అల్లం ఎంత వేశావో రాయలేదు. దానిమ్మ గింజలు నలిగాయా, నిలిచాయా? ఇవన్నీ ఉత్తరాల్లో తేలేవి కావు. కిటికీ పక్క సీటేనా అది? ఎండ పడే వైపా, నీడ వైపా?

అక్క

*

డిసెంబరు 20

అక్కా,

శుభవార్త! ఇక నీకు ఒక్క సందేహం రాయాల్సిన పని లేదు. పచ్చడి అద్భుతంగా కుదిరింది. అచ్చం నీ చేతి రుచే. కళ్ళు మూసుకుని తింటే నీదో నాదో చెప్పలేమని ఇంట్లో అందరూ ఒక్కమాటగా తేల్చారు. నాకే ఆశ్చర్యంగా ఉంది. ఇంత చిన్న పనికి ఇన్నేళ్ళూ నిన్నెందుకు కష్టపెట్టామా అనిపించింది. ఇకనుంచి ఏటా నేనే చేసేస్తాను. ఆ తిప్పలు నీకు శాశ్వతంగా తప్పాయి.

ఏ బెంగా పెట్టుకోకుండా హాయిగా వచ్చి కూర్చో. సీటు నీడ వైపే.

చెయ్యి తిరిగిన తమ్ముడు

*

డిసెంబరు 23

తమ్ముడికి,

బాగా కుదిరినందుకు సంతోషం. నేను రావడం లేదు. టికెట్టు వెనక్కి ఇచ్చేయి.

ఇంతకంటే రాయకూడదనే అనుకున్నాను. కానీ చెయ్యి విరిగి కూర్చున్న మనిషికి ఊసుపోక రాయక తప్పడం లేదు. మీ భోజనాల బల్ల దగ్గర నాలుగేళ్ళ నుంచి నాకు ఒక్క మాటా సరిగ్గా వినపడడం లేదు. అందరూ ఒకేసారి మాట్లాడతారు. నువ్వేదో అంటావు, బల్లంతా పగలబడి నవ్వుతుంది. నేను అందరి మొహాలూ చూసి, నవ్వాల్సిందే అని తేల్చుకుని, అందరూ ఆపాక మొదలుపెడతాను. నువ్వెప్పుడైనా గమనించావో లేదో. అయినా వస్తున్నానంటే ఆ గిన్నె వల్ల. ఎవరైనా నావైపు తిరిగి పెదాలు కదిపారంటే పచ్చడి అడుగుతున్నారని వినపడకుండానే తెలిసేది. అందించేదాన్ని. ఆ బల్ల దగ్గర నాకు అర్థమయ్యే మాట అదొక్కటే.

ఇప్పుడు అది కూడా నువ్వు చేసేస్తున్నావు, నాకంటే తక్కువ శ్రమతో, అదే రుచితో. మంచిదే. కానీ చుట్టపుచూపుగా వచ్చి, బొమ్మలా కూర్చుని, తప్పు చోట నవ్వడానికి అంత దూరం బస్సులో రావడం నావల్ల కాదు. కోపం కాదు. కోపమేననుకో, పోనీ.

మరదలికీ, అమ్మాయికీ నా ఆశీస్సులు.

అక్క

*

డిసెంబరు 26

అక్కా,

ఈ ఉత్తరం పోస్టులో వేయలేదు. మీ ఊరి బస్సు నడిపే డ్రైవరు నా దగ్గర నేర్చుకున్నవాడే. చేతికిచ్చి పంపుతున్నాను. మలుపుల్లో బాగానే వెళ్తాడు, రివర్సు గురించి మాత్రం నన్నడగకు.

నేను రాసిందంతా అబద్ధం. పచ్చడి కుదరలేదు. కుదరకపోవడమంటే నాకు కుదరకపోవడంలాగా, అంటే చెప్పుకోలేనంతగా.

జరిగింది విను. నేను పులుపని రాసి, నువ్వు పంచదార వేయమని రాసి, అది నాకు చేరేలోపల ఆ గిన్నె దానంతటదే ఊరి, పులుపు చచ్చి, మెత్తబడి, బహుశా నీ రుచికే వచ్చి కూర్చుంది. బహుశా అని ఎందుకంటున్నానంటే నేను చూడలేదు. అక్క వేయమంది, వేసేశాను. రుచి చూస్తూ వెయ్యి అని నువ్వు చెప్పిన మాట పాత ఉత్తరంలో ఉండిపోయింది. అప్పుడు అది పాకమైంది. తీపి తగ్గడానికి ఆపిల్ కోసి వేశాను. చప్పబడింది. నారింజ వేశాను. చేదెక్కింది. చేదుకి పంచదార. గిన్నె చాలక బేసిను, బేసిను చాలక కొత్త బకెట్టు. బకెట్టు పట్టడానికి ఫ్రిజ్‌లో అరలు తీసేశాను. మా పాలూ పెరుగూ ఇప్పుడు కిటికీ గట్టుమీద కాపురం ఉంటున్నాయి. ఎక్కడ బ్రేకు వేయాలో ఊరందరికీ నేర్పి బతికేవాణ్ణి నేను.

కారు నేర్చుకోడానికి వచ్చినవాళ్ళకి తలో గిన్నె పెట్టాను. మర్నాడు సగంమంది జ్వరమని కబురంపారు. మొన్న పొద్దున ఫ్రిజ్ తెరిచేసరికి బకెట్టు లోపల గుసగుసలు. మూత ఉబ్బి ఉంది. నొక్కి చూశాను. నొక్కకుండా ఉండాల్సింది. వంటింటి గోడ ఇంకా కడుగుతున్నాం.

నీకు బెంగ ఉండకూడదని బాగా కుదిరిందని రాశాను. నా తెలివి నీకు తెలుసుగా. నీ ఉత్తరం మా ఆవిడకి చదివి వినిపించాను. చీపురు పక్కన పెట్టి ఒకటే మాటంది: "ఏవండీ, వదిన మణికట్టు ఆ సైకిలాయన విరిచాడు. మిగతాది మీరు విరిచారు." తర్వాత భోజనం పెట్టి, మళ్ళీ చీపురందుకుంది.

నువ్వు ఆలస్యంగా నవ్వుతావని నాకు తెలుసు. గమనించాను. ఏం చేయాలో తెలియక ఊరుకున్నాను, ఇంకో జోకు వేశాను. నాకు తెలిసిన వైద్యం అదొక్కటే.

అక్కా, పండ్లు మళ్ళీ తెచ్చాను. కోయలేదు. నిన్ను సంతోషపెట్టడానికి అనడం లేదు, ఈ పచ్చడి ఎప్పుడు ఆపాలో ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. చేతులు నావి, నోరు నీది. వచ్చి నిలబడి తిట్టు. రాకపోతే జామ్ సీసా కొనను, ఆ బల్లమీద ఏమీ పెట్టను. టికెట్టు నేను వెనక్కి ఇవ్వలేదు. ఇవ్వలేను, బకెట్టు పేలినప్పుడు అది గోడ పక్కనే ఉంది, ఎవరూ తీసుకోరు. డ్రైవరుకి చెప్పాను, నిన్ను ఎక్కించుకుంటాడు.

తమ్ముడు

*

డిసెంబరు 27

తమ్ముడూ,

నీ శిష్యుణ్ణి బస్సు తిప్పుకుని ఒక్క నిమిషం ఆగమన్నాను, నిలబడే రాస్తున్నాను. రివర్సు గురించి నువ్వు చెప్పింది నిజమే, సైకిళ్ళ కొట్టు ముందున్న బల్ల ఇప్పుడు లేదు.

వస్తున్నాను. నేను దిగేదాకా కత్తి ముట్టుకోకు. అల్లం తెచ్చావా? తెచ్చి ఉండవు. తీసుకురా.

బకెట్టు అంటే స్నానాల గదిలోది కాదు కదా?

అక్క

*

జనవరి 6

నా హడావిడీ,

క్షేమంగా చేరాను. కట్టు వచ్చేవారం విప్పుతారట. కట్టు మీద ఉన్న దానిమ్మ మరకలు చూసి డాక్టరు రక్తమనుకుని కంగారుపడ్డాడు. పచ్చడి చేయించానని చెప్పాను. విరిగిన చేత్తోనా అన్నాడు. తమ్ముడి చేత్తో అన్నాను.

నిజం చెబుతున్నాను, పచ్చడి నా అంత బాగా రాలేదు. ముక్కలు లావు. కానీ నీ వెనక నిలబడి, ఆగు, ఆగరా, ఇంక చాలు అని అరుస్తుంటే నాకు ఎక్స్ఛేంజి రోజులు గుర్తొచ్చాయి. నేను లైను ఇస్తేనే అవతలివాళ్ళు మాట్లాడేవాళ్ళు. పాపం, నీ చెవులు కూడా నావిలాగే అయి ఉంటాయి ఈపాటికి.

అసలు రాయాలనుకున్నది బల్ల దగ్గరి సంగతి. నీకు తెలియదు, నేను బస్సులోనే ఒట్టు పెట్టుకున్నాను, ఈసారి వినపడకపోతే నవ్వకూడదని. నువ్వేదో అన్నావు. అందరూ ఎప్పటిలాగే పడీపడీ నవ్వారు. నేను నవ్వలేదు. "నాకు వినపడలేదు, ఏంటది?" అని గట్టిగా అడిగాను. ఎంత గట్టిగా అడిగానో అందరి మొహాలూ చూస్తే తెలిసింది. బల్లంతా ఆగిపోయింది. లేచి గదిలోకి వెళ్ళిపోదామనిపించింది. అప్పుడు అమ్మాయి తన కుర్చీ నా దగ్గరికి జరుపుకుని, నా మొహంలోకి చూస్తూ మళ్ళీ చెప్పింది. సగమే అందింది. మరదలు చెప్పింది. ఇంకొంచెం అందింది. చివరికి నువ్వే లేచొచ్చి, చెవి దగ్గర కాకుండా ఎదురుగా వంగి, నిదానంగా, ఒక్కో మాటా చెప్పావు. నీ జీవితంలో నువ్వు నిదానంగా చేసిన మొదటి పని అదేనేమో.

తీరా చూస్తే, కారు నేర్చుకోడానికొచ్చినాయన వెనక సీట్లో ఎక్కి కూర్చుని స్టీరింగు ఏదని అడిగిన కథ! ఒరే, అది నా చెవులు పనిచేసే రోజుల్లోనే కనీసం పాతికసార్లు విన్నాన్రా! నాలుగేళ్ళుగా ఆ బల్ల దగ్గర ఏదో మహా గొప్పది పోగొట్టుకుంటున్నానని కుమిలిపోయాను. ఇదా? నాకు నవ్వాగలేదు. ఈసారి నేనే ముందు మొదలుపెట్టాను, మీరంతా నా వెనక నవ్వారు.

ఎండాకాలంలో వస్తాను. అప్పుడు పుల్ల ఆపిల్ పండ్లు దొరకవు, భోజనాలూ ఉండవు, నాకక్కడ పనేమీ ఉండదు. ఊరికే వస్తాను.

అక్క